పోయిన పక్షులు – నిలిచిన ప్రతిమలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపు పాఠము)



నాటకమునకును సంగీత కచేరికిని నడుమ ఒక అర్ధగంట కాలము నాకిచ్చి, కళలకు సంబంధించిన విషయమేదైన చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పగలెల్ల ఫైళ్లతో గడిపిన వారికి సాయంకాలము ఉపన్యాసము వినిపించుట దయగల పని కాదు. అయినను ఈ విషయము మనకు మిక్కిలి దగ్గరిదని తోచి ఎన్నుకొంటిని. అంతరించిపోయిన పక్షులకును, అంతరించుటకు సిద్ధముగ నున్న పక్షులకును కొందరు శిల్పులు, చిత్రకారులు ప్రతిమలు నెలకొల్పుచున్నారు. ఆ ప్రతిమలెట్టివి, వాని వలన ప్రయోజనమేమి, వానినుండి మనము గ్రహింపదగిన దేమి – ఈ మూడు మాటలు మీకు విన్నవించెదను.

పక్షి మరణమునకును కళకును గల సంబంధము మనకు క్రొత్తది కాదు. తమసానదీ తీరమున వేటగాని బాణమునకు క్రౌంచపక్షి యొకటి కూలగా, చూచిన వాల్మీకి మహర్షి శోకము శ్లోకమైనదనియు, ఆదికావ్యమునకు అదియే నాంది యనియు మనము చిన్ననాటినుండి వినుచున్నాము. కాని అక్కడ కూలినది ఒక్క పక్షి. దాని జాతికి లోపము రాలేదు. మరుసటి యేడు ఆ నది యొడ్డున మరల క్రౌంచములు కూసియుండును. ఈ రెండు శతాబ్దములలో జరిగినది వేరు. ఇప్పుడు జాతులకు జాతులే పోవుచున్నవి. ఒక్క పక్షికే అంత శోకము కలిగినపుడు, జాతి పోయినపుడు కలుగవలసిన శోకమునకు రూపమేది? నేను చెప్పబోవు కళాకారులు తమకు తామే వేసికొనిన ప్రశ్న ఇది.

ఈ కళకు ఒక ముఖ్య లక్షణము కలదు. ప్రతిమను ప్రదర్శనశాలలో పీఠముపై నుంచి టిక్కెట్టు పెట్టి చూపుట గాక, దేనిని గూర్చి అది చెప్పుచున్నదో ఆ ప్రదేశముననే దానిని నెలకొల్పుదురు. పాశ్చాత్యులు దీనిని ఇన్‌స్టలేషన్ అనుచున్నారు. మనకు ‘ప్రతిష్ఠ’ అను మాట ఉండనే యున్నది. విగ్రహమును శిల్పి చెక్కినంత మాత్రమున దేవుడు కాడు. ఒక స్థలమున ప్రతిష్ఠించిన పిమ్మటనే యగును. ఈ కళలోను అంతియే. స్థలము శిల్పములో సగభాగము.

అమెరికా దేశస్థుడైన టాడ్ మెక్‌గ్రెయిన్ అను శిల్పి ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇట్టి పని కొకదానికి పూనుకొనెను. దానికి ‘లాస్ట్ బర్డ్ ప్రాజెక్టు’ అని పేరు. ఉత్తర అమెరికాలో మనుష్యుల వలన అంతరించిన అయిదు పక్షిజాతులను ఆయన ఎన్నుకొనెను. ఒక్కొక్క దానికి కంచుతో పెద్ద ప్రతిమ పోతపోసి, ఆ పక్షి చివరిసారి కనబడిన చోటునకు సాధ్యమైనంత దగ్గరగ నెలకొల్పెను. ఆ అయిదింటి కథ వేరువేరుగ చెప్పిన గాని ఈ ప్రయత్నము లోతు బోధపడదు.

మొదటిది గ్రేట్ ఆక్. ఉత్తర అట్లాంటిక్ సముద్రపు పక్షి, ఎగురలేదు, నీటిలో చేపవలె ఈదును, నేలపై మనిషివలె నిలుచును. ఎగురలేని పక్షి గుడ్లు పెట్టుటకు ద్వీపముల మీదికి వచ్చినపుడు నావికులకు అది కాళ్లతో నడిచివచ్చిన ఆహారమైనది. మాంసము కొరకు, క్రొవ్వు కొరకు, పరుపులలో నింపు ఈకల కొరకు వానిని వేలకొలది చంపిరి. చివరి జంటను 1844 జూన్ నెలలో ఐస్‌లాండ్ సమీపముననున్న ఎల్డే అను శిలాద్వీపముపై చంపిరి. అప్పటికి ఆ పక్షి అరుదై, ప్రదర్శనశాలలకు దాని చర్మము అమ్మిన మంచి వెల వచ్చుచుండెను. అరుదగుటయే దానికి మృత్యువైనది. మెక్‌గ్రెయిన్ ప్రతిమ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరమున ఫోగో ద్వీపముపై సముద్రమువైపు చూచుచు నిలిచియున్నది. దాని జోడు ప్రతిమ ఐస్‌లాండ్ తీరమున ఎల్డేవైపు చూచుచున్నది. నడుమ అట్లాంటిక్ మహాసముద్రము.

రెండవది లాబ్రడార్ బాతు. ఇది యెందుచేత నశించినదో నేటికిని పూర్తిగ తెలియదు. న్యూయార్క్ రాష్ట్రములోని ఎల్మైరా పట్టణమున 1878లో ఒక బాలుడు కాల్చిన బాతు ఆ జాతిలో చివరిదని చెప్పుదురు. ప్రతిమ ఆ పట్టణపు ఉద్యానములోనే యున్నది. ఒక జాతి పోవుటకు కారణము తెలిసికొనుటకు ముందే ఆ జాతి పోయినది. అయిదు కథలలో ఇదియే నన్ను ఎక్కువగ కలవరపెట్టినది.

మూడవది పాసెంజర్ పావురము. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో దీని సంఖ్య మూడు వందల కోట్లకు తక్కువ కాదని శాస్త్రజ్ఞుల అంచనా. గుంపు ఎగిరినపుడు గంటల తరబడి సూర్యుడు కనబడకుండెనట. రైలుబండ్లు, టెలిగ్రాఫు వచ్చిన పిమ్మట గుంపు ఎక్కడ దిగినదో వేటగాండ్రకు వెంటనే తెలియుచుండెను. చంపిన పక్షులను పీపాలలో నింపి నగరములకు పంపుటయు సులభమైనది. అడవులను కూడ నరికివేసిరి. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి నగరపు జంతుప్రదర్శనశాలలో మార్తా అను ఆడపావురము మరణించుటతో ఆ జాతి ముగిసెను. మంచుదిమ్మలో గడ్డకట్టించి దాని శరీరమును వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు పంపిరి. మెక్‌గ్రెయిన్ ప్రతిమ అదే రాష్ట్రమైన ఒహయోలో, కొలంబస్ నగరమున నున్నది. పావురము మెడ నిక్కించి ఆకాశమువైపు చూచుచుండును.

నాలుగవది కారొలైనా చిలుక. అమెరికా తూర్పు ప్రాంతమునకు స్వంతమైన చిలుక ఇది. పంటలు పాడుచేయునని రైతులును, టోపీల అలంకారమునకు ఈకల కొరకు వర్తకులును దీనిని చంపిరి. దీని స్వభావములో ఒక విశేషము కలదు. గుంపులో ఒకటి దెబ్బతిని పడిన మిగిలినవి పారిపోవు. మరలివచ్చి దాని చుట్టు తిరుగుచు అరచును. ఆ బంధుప్రీతి వలన గుంపంతయు ఒకేచోట తుపాకికి చిక్కుచుండెను. చివరి చిలుక, ఇన్కాస్ అను పేరు గలది, మార్తా మరణించిన అదే జంతుశాలలో 1918 ఫిబ్రవరి 21న మరణించెను. దీని ప్రతిమ ఫ్లోరిడా రాష్ట్రములోని గడ్డిమైదానమున ఓకిచోబీ ప్రాంతమున నున్నది.

అయిదవది హీత్ హెన్ అను గడ్డినేల కోడి. ప్రభుత్వోద్యోగులమైన మనము దీని కథను శ్రద్ధగ వినవలెను. ఏలయన దీనిని కాపాడుటకు ప్రభుత్వము పూనుకొన్నది. ప్రధాన భూభాగమున నశించిన పిమ్మట ఈ పక్షి మసాచుసెట్స్ రాష్ట్రములోని మార్తాస్ విన్‌యార్డ్ అను ఒక్క ద్వీపముననే మిగిలెను. 1908లో దీనికొరకు ప్రత్యేకముగ రక్షిత ప్రదేశమును ఏర్పరచిరి. కొన్ని సంవత్సరములలో సంఖ్య సుమారు రెండువేలకు పెరిగెను. ఆ దశలో ఏ నివేదిక వ్రాసిననను ‘సంతృప్తికరము’ అని వ్రాయవచ్చును. 1916లో గూళ్లు కట్టు కాలమున ద్వీపమున దావానలము చెలరేగెను. ఆ పిమ్మట తీవ్రమైన చలికాలము, డేగల ఉపద్రవము, రోగము ఒకదాని వెంట ఒకటి వచ్చెను. 1929 నాటికి ఒక్క మగపక్షి మిగిలెను. అది వసంతకాలమున ఎప్పటివలె పాత మైదానమునకు వచ్చి జోడు కొరకు కూయుచుండెను; బదులు పలుకుటకు ఏ పక్షియు లేదు. 1932 మార్చి 11 తరువాత అది ఎవరికిని కనబడలేదు. దాని ప్రతిమ అదే ద్వీపమున, అదే అడవిలో నున్నది.

ఈ ప్రతిమల రూపమును గూర్చి రెండు మాటలు. ఈకకు ఈక చెక్కిన అనుకరణలు కావివి. నల్లని కంచుతో, నున్నగ, మనిషియంత ఎత్తున తీర్చినవి. రంగులు లేవు, కన్నులు స్పష్టముగ లేవు. పక్షి నిలుచు తీరు మాత్రము కలదు. చూచువారు చేతితో తాకవలెననియే శిల్పి వానిని నున్నగ చేసెను. కూరిన పక్షిచర్మము గాజుపెట్టెలో నుండును, దానిని తాకరాదు. ఈ ప్రతిమను పిల్లలు కౌగిలించుకొనవచ్చును. 2014లో మార్తా మరణించి నూరు సంవత్సరములైన సందర్భమున స్మిత్సోనియన్ సంస్థ ఉద్యానములలో కూడ వీని ప్రతిరూపములను ప్రదర్శించిరి. ఈ ప్రయత్నముపై 2012లో ఒక చలనచిత్రమును తీసిరి.

ఇక వీని వలన ప్రయోజనమేమను ప్రశ్న. మనకు సంఖ్యలతో పరిచయము ఎక్కువ. ఫలానా జాతి ఇంత శాతము తగ్గినదను వాక్యమును మనము టిప్పణిలో చేర్చెదము, సంతకము చేసెదము, పై అంతస్తునకు పంపెదము. సంఖ్య అబద్ధము కాదు. కాని సంఖ్యకు ముఖము లేదు. లేనిదానిని సంఖ్య చూపలేదు. సముద్రపు టొడ్డున ఒక్క కంచుపక్షి ఎదుట నిలిచినవానికి, దాని వెనుక ఖాళీగ నున్న రాళ్లన్నియు కనబడును. ఈ శిల్పము చూపునది ఆ ఖాళీనే. ఊరిలో పెద్దలు పోయిన యింట వారి పటమునకు దండవేసి ఉంచుదుము. పటము వారిని తిరిగి తేలేదు. కాని ఆ యింట ఒకరుండిరి, ఇప్పుడు లేరను సంగతి పుట్టబోవు పిల్లలకు కూడ తెలియును. పోయిన పక్షులకు ఆ దండ వేసినవారు అరుదు. మెక్‌గ్రెయిన్ ఆ పని చేసెను.

అయితే పోయినవానికి పటము కట్టుటతో సరిపోదు, ఉన్నవానిని చూచుకొనవలెను. ఇట్టి పని న్యూయార్క్ నగరములో జరుగుచున్నది. ఆ నగరపు ఉత్తర భాగమున, పక్షుల చిత్రకారుడుగ ప్రసిద్ధుడైన జాన్ జేమ్స్ ఆడుబాన్ తన చివరి దినములు గడిపిన ప్రాంతమున, 2014నుండి గోడలపైనను దుకాణముల షట్టర్లపైనను పక్షుల బొమ్మలు వేయుచున్నారు. వాతావరణపు మార్పు వలన అపాయమునకు గురియైన పక్షులే అవి. ఆ 2014వ సంవత్సరమున ఆడుబాన్ పేరుగల పక్షిసంరక్షణ సంఘము తన నివేదికలో 314 జాతులను పేర్కొన్నది. 2019 నివేదికలో పరిశీలించిన 604 జాతులలో 389 అపాయమున నున్నవని తేల్చినది. బొమ్మలు వేసినవారు ఒక్కరు కారు. అనేకులు, ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. ఇందులో ఒక చమత్కారము కలదు. దుకాణము తెరచినపుడు షట్టరు పైకి చుట్టుకొనిపోవును, పక్షి మాయమగును. బేరసారములు ముగిసి షట్టరు దించిన పిమ్మటనే పక్షి కనబడును. దీని అర్థమును నేను విడమరచి చెప్పనక్కరలేదు.

కళ యనగానే అంతయు శుభమనుకొనరాదు. అదే నగరములో జరిగిన ఇంకొక సంగతి వినుడు. 2001 సెప్టెంబరు 11న కూలిన రెండు సౌధముల స్మృతికై ఏటేట ఆ తేదీ రాత్రి 88 సెర్చిలైట్లను రెండు స్తంభములుగ ఆకాశమునకు వెలిగింతురు. అది గంభీరమైన దృశ్యము. మృతుల బంధువులకు పవిత్రమైనది. కాని సెప్టెంబరు మాసము పక్షులు ఉత్తరమునుండి దక్షిణమునకు వలసపోవు కాలము, అవి రాత్రివేళలనే ఎగురును. ఆ వెలుగులో చిక్కుకొని, బయటపడు దారి తెలియక, అరచుచు తిరిగి తిరిగి అలసిపోవుచుండెను. 2017లో ప్రకటించిన శాస్త్రపరిశోధన ప్రకారము, ఏడు సంవత్సరములలో ఏడు రాత్రులయందు పదునొకండు లక్షల పక్షులు ఆ వెలుగు ప్రభావమునకు లోనైనవి.

దీనికి ఏమి చేసిరి? స్మారకమును రద్దు చేయలేదు. పక్షుల గొడవ మాకెందుకనియు అనలేదు. వెలుగులో తిరుగుచున్న పక్షుల సంఖ్య వేయి దాటినపుడు సుమారు ఇరువది నిమిషములు దీపముల నార్పుదురు. పక్షులు చెదరి తమ దారిని పోవును. మరల దీపములు వెలిగింతురు. లెక్కించుటకు మనుష్యులను నియమించిరి, ఆర్పుటకు నియమమును ఏర్పరచిరి. మనుష్యుల దుఃఖమునకును పక్షుల ప్రాణమునకును ఒకే రాత్రి చోటు దొరికినది. సదుద్దేశముతో చేసిన పని కూడ మరియొకరికి హాని చేయవచ్చును. చూచి దిద్దుకొనిన ఆ హాని తొలగును. పరిపాలనలో నున్నవారికి ఇంతకంటె చక్కని పాఠము లేదని నా అభిప్రాయము.

ఇక మన దేశమునకు వత్తము. పక్షికి ప్రతిమ కట్టుటలో మనము ఎవరికిని తీసిపోలేదు. సీతాదేవికొరకు రావణునితో పోరాడి రెక్కలు తెగి కూలిన జటాయువు గృధ్రరాజు, అనగా రాబందుల రాజు. అతడు పడిన చోటు లేపాక్షి యని, రాముడు ‘లే, పక్షీ’ అన్నందున ఆ పేరు వచ్చినదని మన రాయలసీమవారు చెప్పుకొందురు. కేరళలోని చడయమంగళమువారు తమ కొండయే ఆ స్థలమందురు. ఆ కొండపై రాజీవ్ అంచల్ అను శిల్పి 200 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు, 70 అడుగుల ఎత్తు గల జటాయు శిల్పమును నిర్మించగా 2018లో సందర్శకులకు తెరచిరి. ప్రపంచములోని పక్షిశిల్పము లన్నిటిలో అదియే పెద్దదని ప్రసిద్ధి. రెక్క తెగిన పక్షి వెల్లకిల పడియున్న ఆ దృశ్యము స్త్రీల గౌరవరక్షణకు చిహ్నమని శిల్పి భావము. ఆ భావమునకు నేను చేతులు జోడించెదను.

కాని జటాయువు వంశము సంగతి యేమైనది? 1992కును 2007కును నడుమ మన దేశములో తెల్లవీపు రాబందుల సంఖ్య నూటికి 99.9 వంతులు తగ్గెను. మరి రెండు జాతులు నూటికి 97 వంతుల వరకు తగ్గెను. ఎవరును తుపాకితో కాల్చలేదు. పశువులకు నొప్పి తగ్గుటకై ఇచ్చు డైక్లోఫినాక్ అను మందే కారణమని 2004లో తేలెను. ఆ మందు పడిన పశువు చచ్చిన, దాని కళేబరమును తిన్న రాబందు మూత్రపిండములు చెడి కొలది దినములలో చచ్చును. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును గనుక నష్టము పూడదు; మందు గల కళేబరములు నూటికి ఒకటి యున్నను జాతి కూలుటకు చాలునని లెక్క తేల్చిరి. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. మనుష్యులకై చేసిన పెద్ద సీసాలను పశువులకు వాడుచుండుటచే, 2015లో సీసా పరిమాణమును 3 మిల్లీలీటర్లకు తగ్గించిరి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను బదులుమందు ఉన్నది. హర్యానాలోని పింజోరులో రాబందులను పెంచు కేంద్రము నడచుచున్నది.

ఒకప్పుడు ఈ ఢిల్లీ నగరపు చెట్లపై రాబందులు గూళ్లు కట్టుచుండెను. మనలో పెద్దవారు చూచియుందురు. మన పిల్లలకు రాబందనగా పాఠ్యపుస్తకములోని బొమ్మ, లేదా ఇతరుల సొమ్ము తినువానికి పెట్టు తిట్టు. ప్రపంచములో అతి పెద్ద పక్షిశిల్పము మన దేశమున నున్నది. ఆ శిల్పమునకు మూలమైన పక్షి మన కండ్లయెదుటనే పోయినంత పనియైనది. ఇది శిల్పి దోషము కాదు. చూచి, మెచ్చి, అంతటితో ఇంటికి పోవు మనది.

మన తెలుగునేలనే ఆశ్రయించిన పక్షి ఇంకొకటి కలదు – కలివికోడి. కలివిపొదల నడుమ తిరుగుట చేత ఆ పేరు వచ్చినది. 1848లో శాస్త్రమున కెక్కిన ఈ పక్షిని, దీనిని కనుగొనిన జెర్డన్ అను వైద్యుని పేరిట శాస్త్రజ్ఞులు పిలుతురు. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదని అందరు నిశ్చయించుకొనిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు కడప జిల్లాలో దీనిని మరల కనుగొనిరి. పగలు దాగి రాత్రి తిరుగు చిన్న పక్షి. దీనికొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. 1988లో మన తపాలా శాఖవారు దీని బొమ్మతో ఒక బిళ్లను విడుదల చేసిరి. మనవంటి కేంద్రోద్యోగులు చేసిన పని అది! వేలు వెడల్పు కాగితముపై ఆ పక్షి ఇంటింటికి పోయినది. దానిని నేను చిన్న ప్రతిష్ఠగనే భావింతును.

ఈ పక్షి జాడ కనుగొనుటకు పరిశోధకులు చేసిన ఉపాయమును వినుడు. పొదల నడుమ నేలను మెత్తని మట్టితో చదును చేసి పట్టీలుగ తీర్చి, రాత్రి గడచిన పిమ్మట ఉదయమున అడుగుల గుర్తులను వెదకిరి. మన ఆడపడుచులు వాకిలి అలికి ముగ్గు పెట్టినట్లుగ, వారు నేలను సిద్ధము చేసి, ముగ్గు పెట్టుటను మాత్రము పక్షికి విడిచిరి. ఆ ప్రాంతముననే తెలుగుగంగ కాలువ త్రవ్వకము వచ్చినపుడు పొదలు పోవు ప్రమాదమేర్పడెను. రాయలసీమకు నీరు అవసరము కాదని ఎవ్వరనగలరు? కరవు ఎరిగిన వారమే మనము. అయినను చర్చ జరిగి కాలువ మార్గమును మార్చిరి. నీరును పోయినది, పొదలును మిగిలినవి. దీపముల నార్పిన న్యూయార్క్‌వారి పని యెట్టిదో ఇదియు నట్టిదే.

ఇప్పుడు మీలో ఎవరికైన ఒక ఆక్షేపణ తోచవచ్చును. “కాలువ మార్గమును మార్చినది నివేదికలు, చట్టము; రాబందులను కాపాడుచున్నది నిషేధపుటుత్తరువు. ఇందులో కళ చేసిన దేమున్నది? ప్రతిమకు పెట్టు ధనముతో నాలుగు ఎకరముల పొదలు కొనరాదా?” ఆక్షేపణ న్యాయమైనది. ప్రతిమ ఒక్క గ్రుడ్డును పొదుగలేదు. ధనము ఒక్కదానికే చాలునన్న, నేను పొదలకే వ్రాసెదను.

కాని హీత్ హెన్ కథను మరల తలచుకొనుడు. అక్కడ ఉత్తరువు వచ్చినది, ప్రదేశము కేటాయించిరి, సంఖ్య పెరిగినది. కాని అది వచ్చునప్పటికి పక్షి ఒక్క ద్వీపమునకు కుదించుకొనిపోయినది. ఒక్క మంట చాలినది. ఉత్తరువు రావలసినది అంతకు ఎంతో ముందు, ఆ పక్షి కూటికి గతిలేనివాడు కూడ తిని విసిగినంత విరివిగ ఉన్నపుడు. అప్పుడు అడిగినవారు అరుదు, ఏలయన పెక్కుమందికి అది కనబడలేదు. ఎదుట నున్నను కనబడలేదు. ఉత్తరువు ఫైలునుండి వచ్చును; ఫైలు ఒకరి అర్జీనుండి పుట్టును; అర్జీ, ఎవరికో ఏదో కనబడి మనస్సు కలత చెందినపుడు పుట్టును. ఆ మొదటి చూపును కలిగించుటయే కళ చేయు పని. అది చివరి మెట్టు కాదు, మొదటిది. మొదటి మెట్టు లేక మేడ లేదు.

అందుచేత నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. పక్షికి ప్రతిమ అవసరమే, కాని పక్షి బ్రతికియుండగనే నెలకొల్పవలెను. పోయిన పిమ్మట నెలకొల్పినది సమాధి. ఉండగ నెలకొల్పినది కావలి. మెక్‌గ్రెయిన్ అయిదు సమాధులు కట్టెను, ఏలయన ఆయనకు వేరు గతి లేదు. ఆయన పుట్టుటకు ముందే ఆ పక్షులు పోయినవి. మనకింకను గతి కలదు.

మన పూర్వులు ఇట్టి కావలి కళను ఎరుగుదురు. సంక్రాంతి కాలమున కోస్తా జిల్లాల పల్లెలలో క్రొత్త వరికంకులను అందముగ అల్లి కుచ్చులు చేసి, ఇంటి చూరునకును దేవాలయ మండపములందును వ్రేలాడదీయుదురు. అల్లిక చూడ ముచ్చటగ నుండును. పిచ్చుకలు వచ్చి గింజలు తినును. కంటికి అలంకారము, పక్షికి ఆహారము, అల్లినవానికి పుణ్యము. ప్రదర్శనశాలలో పెట్టని కళ, పక్షి తినగ తినగ తరిగిపోవు కళ అది. పిచ్చుకను 2012లో ఢిల్లీ రాష్ట్రపక్షిగ ప్రకటించిరి. పాత క్వార్టర్ల వెంటిలేటర్లలో అది కట్టిన గూళ్లు మీకు జ్ఞాపకముండును. క్రొత్తగ కట్టు అద్దాల మేడలలో దానికి చోటు లేదు.

మన సంఘమువారికి మూడు చిన్న విన్నపములు చేసి ముగించెదను. మొదటిది: రాబోవు సంక్రాంతికి ఊరినుండి వచ్చువారి చేత వరికంకులు తెప్పించి, కుచ్చులు అల్లుట తెలిసిన మన ఇంటి పెద్దమ్మల చేత పిల్లలకు నేర్పించవలెను. ముగ్గుల పోటీతోపాటు కుచ్చుల పోటీ కూడ పెట్టవచ్చును. ప్రతి క్వార్టరు వసారాలో ఒకటి వ్రేలాడవలెను.

రెండవది: దసరానాడు పాలపిట్టను చూచుట మనకు శుభము. దానికొరకు కొందరు పిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరములలో ఊరేగించి చూపి డబ్బు తీసికొందురు. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. పిట్టలు పెక్కు చచ్చును. మన దసరా ఉత్సవమున పిల్లలు చిత్రించిన పెద్ద పాలపిట్ట బొమ్మను పందిటి ద్వారమున నిలిపి, దానినే దర్శించుకొందము. దేవుని విగ్రహరూపమున చూచు అలవాటు గల మనకు పిట్టను బొమ్మరూపమున చూచుట కష్టము కాదు. ఎగురుచున్న పాలపిట్ట కనబడిన అదృష్టము రెండింతలు.

మూడవది: మనవారు కొందరు నివసించు లోడీ కాలనీ గోడలపై 2015నుండి దేశవిదేశముల చిత్రకారులు పెద్దపెద్ద చిత్రములు వేసియున్నారు, దూరప్రాంతములవారు కూడ వచ్చి చూచిపోవుచున్నారు. తెలుగువారు నివసించు ఏదైన ఒక కాలనీలో, తగిన అనుమతులు పొంది, ఒక్క గోడపై కలివికోడిని వేయింపవలెనని నా కోరిక. ఢిల్లీలో పుట్టి పెరుగుచున్న మన పిల్లలకు తెలుగుమాటలు కొన్ని జారిపోవుచున్నవని మనము విచారించుచుందుము. గోడపై పక్షిని చూచి “ఇదేమి పిట్ట?” అని అడిగిన పిల్లవానికి ‘కలివికోడి’ యను మాటయు, ‘కలివి’ యను చెట్టు పేరును, కడప కొండల ఊసును ఒక్కసారి దొరకును. పక్షి పోయిన పిమ్మట ఆ పక్షి పేరు గల మాట కూడ ఎంతోకాలము నిలువదు. మాటను కాపాడుటకే ఈ సంఘమును స్థాపించితిమి గదా. మాటకు అర్థమైన పక్షిని కాపాడుటయు మన పనిలో భాగమే.

 కచేరి కొరకు వేచియున్న సంగీత విద్వాంసులకు నా క్షమార్పణలు. సెలవు.